నీలాద్రిరావుగారి పూర్వ వినియోగం

కనబడుతున్న చోటికి చేరడానికి మనిషికి వాహనం ఎందుకు?

కొత్త ఎలక్ట్రిక్ బండి మీద కూర్చుని, రెండు కాళ్ళూ నేలకు గట్టిగా ఆనించి, హెల్మెట్ పట్టీ గడ్డం కింద బిగించుకుంటూ నీలాద్రిరావు తనకు తాను వేసుకున్న ప్రశ్న అది. ఆయన కూర్చున్నది కాకినాడ గాంధీనగరంలో తన ఇంటి గేటు ముందు. కనబడుతున్నది అదే వీధి చివర ఉన్న ఇంధన పొదుపు ప్రోత్సాహక సంస్థ ప్రాంతీయ కార్యాలయం. సీనియర్ అసిస్టెంటుగా ఇన్నేళ్ళూ ఆయన అక్కడికి నడిచే వెళ్ళాడు. ఇంటి మెట్ల మీద మొదలైన ఆలోచన ముగింపుకు రాకముందే కార్యాలయం వచ్చేసేది. తీరిక దొరికితే తర్కశాస్త్రం చదువుకునే ఆ మనిషికి ఆ నడక మీద ఉన్న ఫిర్యాదు అదొక్కటే.

ప్రశ్నకు జవాబు ఆయన దగ్గర లేదు గాని, సంస్థ దగ్గర ఉంది. దాని పేరు 'విధులకు హరిత ప్రయాణం'. ఇకమీదట పదోన్నతికి సీనియారిటీ ఒక్కటే చాలదు. ఉద్యోగి కార్యాలయానికి వచ్చే ప్రయాణంలో ఎంత ఇంధనం ఆదా చేశాడో కూడా చూస్తారు. ఆ ఆదా ఎలక్ట్రిక్ బండి ద్వారా మాత్రమే జరగాలి. సూపరింటెండెంటు పదవికి సీనియారిటీ జాబితాలో నీలాద్రిరావుదే మొదటి పేరు. అది అక్కడ ఎంతకాలంగా ఉందంటే, ముందస్తుగా అభినందనలు చెప్పిన సహోద్యోగులు చెప్పీ చెప్పీ విసిగి, ఇప్పుడు ఆయన్ని పరామర్శించడం మొదలుపెట్టారు. అందుకే జీవితంలో ఏ బండీ తోలని మనిషి ఈ బండి కొన్నాడు.

“బండి ఆన్ అయిందా?” అంది మాణిక్యాంబ. ఆవిడ ఆయన భార్య. వీధికి ఈ చివర ఉన్న మునిసిపల్ బడిలో టీచరు. చేతిసంచితో గుమ్మంలో నిలబడి ఉంది.

“తెలియడం లేదు.”

“తెలియకపోవడమేమిటండీ?”

“చప్పుడు లేదు. అయినా కాకపోయినా ఒకేలా ఉంది.”

“మీ పుస్తకాల్లో బ్రహ్మపదార్థంలాగానా?”

సందేహం తీర్చుకోవడానికి ఆయన కుడిచేతి పిడి కాస్త తిప్పాడు. బండి ఆన్ అయ్యే ఉంది. సందేహం కలిగితే ఆగిపోవడం మనిషి స్వభావం; బండి స్వభావం వేరు. ఆయన భయపడి పిడి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. బండి దాన్ని ఆమోదంగా స్వీకరించింది. రోడ్డు అడ్డంగా దాటి, ఎదురింటి గేటు తోసుకుని, క్రోటన్ల కుండీల మధ్య వరకూ వెళ్ళి, అక్కడ తనంతట తానే పక్కకు ఒరిగింది.

“నీలాద్రిరావుగారూ, చెబితే గేటు తీసి ఉంచేవాణ్ణి కదండీ!” అన్నాడు ఎదురింటాయన అరుగు మీది నుంచి, పేపరు దించకుండానే.

ఆ ఉదయం ఆయన రెండు కాళ్ళతో నేలను తన్నుకుంటూ, మధ్యమధ్య బండిని కాస్త పోనిస్తూ, ఎట్టకేలకు కార్యాలయం చేరాడు. కూరగాయల సంచి మోసుకుంటూ అదే వైపు నడిచి వెళ్తున్న ఒక ముసలావిడ ఆయనకంటే ముందు చేరి, గేటు దగ్గర ఆగి, జాలిగా చూసింది. అయినా నీలాద్రిరావు గర్వంగానే ఉన్నాడు. యాభై దాటాక మనిషి కొత్తగా ఒక భయం నేర్చుకుని, దాన్ని ఆ రోజే జయించడం చిన్న సంగతి కాదు.

గర్వం కంప్యూటరు తెర దాకానే నిలిచింది. తెర మీద ఆయన పేరు, పేరుకెదురుగా ఆదా, ఆదాకెదురుగా సున్నా.

పథక సమన్వయాధికారి హిమబిందుది చిన్న వయసు, పెద్ద మర్యాద. ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించింది.

“మీ పూర్వ వినియోగం ఎంతండీ?”

“అంటే?”

“ఈ బండి కొనకముందు ఆఫీసుకు రావడానికి ఎంత పెట్రోలు కాల్చేవారు?”

“కాల్చేవాణ్ణి కాదమ్మా. నడిచి వచ్చేవాణ్ణి.”

ఆ అమ్మాయి ముఖంలో, రోగి చెప్పిన లక్షణం విన్న వైద్యుడి ముఖంలో కనిపించే మార్పు కనిపించింది. “అయ్యో. ఎప్పటినుంచీ?”

“మొదటినుంచీనే.”

“ఆదా అంటే పూర్వం కాల్చినదానిలోంచి ఇప్పుడు కాల్చేది తీసెయ్యడమండీ. సున్నాలోంచి సున్నా తీస్తే?”

“సున్నా.”

“చూశారా, మీరే ఒప్పుకున్నారు. పెట్రోలు కాల్చనివాళ్ళు పెట్రోలు ఆదా చేయలేరు. ఇందులో సంస్థ విధానం ఏమీ లేదు సార్, ఇది లెక్క.”

నీలాద్రిరావుకు తర్కశాస్త్రంలోని అభావ చర్చ గుర్తొచ్చింది. పగిలిపోయాక కుండ లేకపోవడం ఒకటి, అసలెప్పుడూ కుండ అనేదే లేకపోవడం మరొకటి. ఈ రెండు లేమిలూ వేరువేరని పూర్వులు పేజీల కొద్దీ వాదించుకున్నారు. ఈ భేదం వల్ల లోకానికి ప్రయోజనమేమిటని ఆయన చాలాసార్లు అనుకున్నాడు. ఇప్పుడు ప్రయోజనం దొరికింది. సంస్థ మొదటి రకం లేమిని మాత్రమే గుర్తిస్తుంది. కాల్చి మానేసినవాడు పుణ్యాత్ముడు. ఎన్నడూ కాల్చనివాడు రికార్డులో లేడు.

“మరి నేనేం చెయ్యాలమ్మా?”

“మూడు నెలలు కాల్చండి సార్,” అంది హిమబిందు గొంతు తగ్గించి, కషాయం తాగమని చెప్పినట్టు. “ఎక్కువ తాగే బండి చూసుకుంటే త్వరగా తేలిపోతుంది.”

పక్క టేబులు జోగారావు దగ్గర అలాంటిదే ఒక పాత స్కూటరుంది. ఇల్లు కదిలించేంత చప్పుడు చేసే మామగారి జీపు కూడా ఉంది. ఆ జీపును షెడ్డులో పెట్టేసినందుకే జోగారావు పథకం మొదలైన రోజునుంచీ అగ్రస్థానంలో ఉన్నాడు.

“తీసుకెళ్ళండి గురువుగారూ, తాగడంలో దానికి సాటి లేదు,” అన్నాడు జోగారావు స్కూటరు తాళం ఇస్తూ. “మీలాంటి నిష్ఠాగరిష్ఠులు చెడిపోవాలంటే మాలాంటివాళ్ళం చెయ్యి పట్టుకుని నడిపించాలి కదా.”

“నాకు గేర్ల బండి రాదు, దానికి లైసెన్సూ లేదయ్యా. ఎక్కేదెలా?”

“ఎక్కమన్నదెవరు? వాళ్ళడిగింది వినియోగం. ప్రయాణం అడిగారా?”

అడగలేదు. ఉత్తర్వు తీసి ఇద్దరూ చదివారు. పెట్రోలు బంకు రశీదులు తప్ప మరేమీ అక్కర్లేదు. మర్నాటినుంచీ ఉదయం పూట నీలాద్రిరావు ఇంటి ముందు ఆ స్కూటరు స్టాండు వేసుకుని, ఇంజను ఆన్‌లో, ఎక్కడికీ కదలకుండా రొదపెడుతూ నిలబడేది. ఆయన పక్కన కుర్చీ వేసుకుని, చెవుల్లో దూది పెట్టుకుని పుస్తకం చదువుకునేవాడు. ట్యాంకు ఖాళీ అయ్యాక లేచి, ఎలక్ట్రిక్ బండి తీసి, మెల్లగా కార్యాలయానికి వెళ్ళేవాడు. నడిస్తే మరింత బాగుండేది గాని, నడక ఇప్పుడు ఆయన చరిత్రకు మచ్చ.

“ఆరేసిన బట్టలకు పెట్రోలు వాసన పడుతోంది,” అంది మాణిక్యాంబ. “పిల్లలు నన్ను చూసి, మా టీచరు లారీలో వచ్చారా అంటున్నారు.”

“పదోన్నతి వచ్చేవరకేనే.”

“రానివ్వండి. వచ్చాక దాన్ని ఉతికి ఆరేస్తాను.”

ఉపాయం ఒక్కరి దగ్గర నిలవలేదు. సైకిలు మీద వచ్చేవాళ్ళు, బస్సులో వచ్చేవాళ్ళు, భర్త బండి వెనక కూర్చుని వచ్చేవాళ్ళు కూడా తమ గతాన్ని నిర్మించుకోవడానికి పూనుకున్నారు. ఊళ్ళో మూలపడ్డ జీపులూ, వ్యానులూ, పొగ కక్కే సెకండ్ హ్యాండు బండ్లూ అన్నీ కార్యాలయం వెనక పెరట్లోకి చేరి, స్టాండ్ల మీదా ఇటుకల మీదా నిలబడి సామూహికంగా రొదపెట్టసాగాయి. 'ఇది కాలుష్యరహిత ప్రాంగణం' అన్న బోర్డు మసిబారిపోతుంటే, దాన్ని రోజూ తుడవడానికి ఒక మనిషిని పెట్టారు.

ప్రాంతీయ సంచాలకులు ఉదయభాస్కర్ గారు కిటికీలోంచి ఈ పొగ చూసి కలవరపడతారని కొందరు భయపడ్డారు. ఆయన కలవరపడలేదు. ఉత్తర్వు ఇచ్చారు. సిబ్బంది స్వచ్ఛందంగా చేపట్టిన ఈ కృషిని 'పూర్వ వినియోగ నిర్మాణ కాలం'గా సంస్థ గుర్తిస్తున్నదనీ, పునాది ఎంత లోతుగా ఉంటే భవనం అంత ఎత్తు లేస్తుందనీ అందులో ఉంది. ఆ త్రైమాసికంలో ప్రాంతీయ కార్యాలయం కాల్చిన పెట్రోలు పై అధికారుల ప్రశంసలందుకుంది. అంత ఆదా చేయగల సామర్థ్యం మరే ప్రాంతానికీ లేదట.

మూడు నెలలూ గడిచాయి. స్కూటరు జోగారావు ఇంటికి తిరిగి వెళ్ళింది. నీలాద్రిరావు పేరుకెదురుగా సున్నా పోయి, చూడముచ్చటైన అంకె వచ్చింది. ఆ వెంటనే అంకె చుట్టూ ఎర్ర గీత కూడా వచ్చింది.

“సార్, చిన్న ఇబ్బంది,” అంది హిమబిందు. “మీ ఇంటినుంచి ఆఫీసుకు ఉన్న దూరానికి ఇంత పెట్రోలు ఖర్చు కావడం అసాధ్యమంటోంది కంప్యూటరు.”

“అది నిజమే కదమ్మా.”

“నిజమే. కాని రశీదులు కూడా నిజమే. రెండు నిజాలకీ పొత్తు కుదరాలి. కాలిన పెట్రోలును వెనక్కి తేలేం. దూరాన్ని పెంచగలం.”

ఆమె తెర మీద కాకినాడ పటం తెరిచి, నీలాద్రిరావు ఇంటినుంచి కార్యాలయానికి ఒక దారి గీసింది. అది గాంధీనగరంలో బయలుదేరి, భానుగుడి జంక్షన్ మీదుగా సర్పవరం వెళ్ళి, అక్కడ వెనక్కి తిరిగి, మెయిన్ రోడ్డంతా దాటి, జగన్నాథపురం వంతెన ఎక్కి దిగి, మళ్ళీ గాంధీనగరంలో ముగిసింది. “ఇది మీ అధీకృత మార్గం,” అంది. “కార్యాలయానికీ ఇంటికీ మధ్య ఎప్పుడు కదిలినా ఇలాగే కదలాలి.”

అలా నీలాద్రిరావు రోడ్డు మీద పడ్డాడు. బండి మాత్రం మంచిది. చెప్పిన మాట వింటుందని, చెప్పడమే తనకు రాదని ఆయన త్వరలోనే గ్రహించాడు. దానికి చప్పుడు లేకపోవడం పెద్ద చిక్కు. ముందు నడిచేవాళ్ళకు ఆయన ఉనికి తెలియదు. హారను కొడితే మొదట ఉలిక్కిపడేది ఆయనే. అందుకని మనుషుల వెనగ్గా వచ్చి, “అమ్మా, నేను వస్తున్నానండీ,” అనేవాడు. భానుగుడి జంక్షన్‌లో ఒక పూలావిడ వెనక్కి తిరిగి, “రండి బాబూ, ఎవరొద్దన్నారు?” అంది. ఆటోవాళ్ళు ఆయన్ని గుర్తుపట్టి, “ఒరేయ్, మేష్టారొస్తున్నారు, తప్పుకోండిరా, ఆయనకే తెలీదు ఎటెళ్తారో!” అని అరిచేవారు. వంతెన దిగేటప్పుడు బ్రేకు నొక్కాలో, పిడి వదలాలో, దేవుణ్ణి తలచుకోవాలో మొదటివారంలో తేలలేదు. రెండోవారంలో మూడూ ఒకేసారి చేయడం అలవాటైంది. అయితే ఒక ఉదయం సర్పవరం దారిలో గాలి ముఖానికి తగులుతుంటే, బండి చప్పుడు లేకుండా సాగిపోతుంటే, తాను ఎందుకు ఎక్కడికి వెళ్తున్నాడన్న ప్రశ్న కాసేపు పూర్తిగా మాయమైంది. ఇంత సుఖానికి అంత చదువు అవసరం లేదు కదా అనుకున్నాడు. అంతలో గేదె అడ్డొచ్చింది.

ఇతర ఉద్యోగుల రశీదులకూ దూరాలు చాలలేదు. అందరికీ అధీకృత మార్గాలు గీశారు. ఉదయం కార్యాలయం తెరిచే వేళకు సిబ్బంది మొత్తం నిశ్శబ్దంగా ఊరు చుట్టూ తిరుగుతూ ఉండేవారు. పంపుసెట్టు పొదుపు ధ్రువపత్రం కోసం పిఠాపురం నుంచి వచ్చిన ఒక రైతు వరండాలో కూర్చుని వాచ్‌మన్‌ని అడిగాడు:

“సార్లెక్కడండీ?”

“ఆఫీసుకొస్తన్నారు.”

“ఎప్పుడొత్తారు?”

“ఇందాకే ఇలా ముందునించే ఎల్లారండీ, రావడానికి.”

ఇవన్నీ నీలాద్రిరావు సహించగలిగేవాడు. సహించలేనిది మధ్యాహ్నం. కార్యాలయానికీ బడికీ నడుమ ఉన్న ఆ ఇంటికి భోజనం వేళ ఇద్దరూ వచ్చి, పొద్దున మాణిక్యాంబ వండిపెట్టినది కలిసి తినడం వాళ్ళ అలవాటు. చారు వేడిచేయడం ఆయన వంతు. పొద్దున హడావిడి, సాయంత్రం ఆవిడకు ట్యూషను పిల్లలు. భార్యాభర్తలిద్దరూ తీరిగ్గా మాట్లాడుకునేది ఆ కంచాల దగ్గరే. ఇప్పుడు మధ్యాహ్నం ఇంటికి రావాలన్నా సర్పవరం మీదుగా రావాలి. ఆయన వచ్చేసరికి ఆవిడ కంచం కడుక్కుంటూ ఉండేది. ఆయన నిలబడే రెండు ముద్దలు మింగి, మళ్ళీ జగన్నాథపురం వంతెన వైపు బయలుదేరేవాడు.

“చారు నేనే వేడిచేసుకున్నాను,” అంది ఒకరోజు, ఇటు తిరగకుండా. కంచం తుడుస్తూ, “ఇవాళ బడిలో ఏమైందో తెలుసా?” అని మొదలుపెట్టి, గడియారం చూసి ఊరుకుంది. “వెళ్ళండి. మీకు దూరం.”

“సూపరింటెండెంటును కానీ. అయ్యాక అన్నీ మామూలే.”

“అయ్యాకైనా వేళకు వస్తారా?”

“వస్తాను. నా మాట నమ్ము.”

బడిలో ఏమైందో ఆ రోజంతా ఆయనకు తెలియలేదు. మర్నాడు అడిగితే ఆవిడకు చెప్పాలనిపించలేదు.

పదోన్నతుల సమావేశం శుక్రవారం మధ్యాహ్నానికి ముందు జరిగింది. సిబ్బంది అందరూ హాలుకు వచ్చారు. సంస్థ స్ఫూర్తికి గుర్తుగా అందరూ హెల్మెట్లతోనే కూర్చోవాలని ఆదేశం. ఉదయభాస్కర్ గారు కూడా హెల్మెట్‌తోనే మైకు ముందుకు వచ్చారు. అద్దం పైకెత్తి మాట్లాడారు.

“ఈ సందర్భంగా నేను స్పష్టం చేయదలచుకున్నది ఏమిటంటే, ఆదా అనేది ఒక సంఖ్య కాదు, ఒక సంస్కారం. శ్రీ నీలాద్రిరావు గారు సున్నా అనే దయనీయ స్థితినుంచి ప్రస్థానం ప్రారంభించారు. పట్టుదలతో కాల్చారు. అంతకంటే పట్టుదలతో మానుకున్నారు. ఈ ప్రాంతంలో ప్రథమ స్థానం వారిదే. సూపరింటెండెంటుగా వారికి పదోన్నతి ఇస్తున్నందుకు సంస్థ గర్విస్తున్నది.”

హెల్మెట్ల మధ్యనుంచి చప్పట్లు వినిపించాయి. జోగారావు ఆయన వీపు తట్టి, “గురువుగారూ, నా జీపు ఓడిపోయింది!” అన్నాడు. నీలాద్రిరావుకు కళ్ళు చెమర్చాయి. ఇన్నేళ్ళ నిరీక్షణ! ఇంటికెళ్ళి ఈ మాట చెప్పాలి. సర్పవరం మీదుగా వెళ్ళి చెప్పాలి.

“అయితే,” అన్నారు ఉదయభాస్కర్ గారు. “మీ ప్రతిభకు, మీ ఇంటికీ కార్యాలయానికీ మధ్య ఉన్న దూరం చాలదు. అధీకృత మార్గాన్ని ఎంత సాగదీసినా ఊరు అయిపోతున్నది. ఒక వీధిలో మిమ్మల్ని బంధించి ఉంచడం సంస్థకు తీరని నష్టం. కనుక మిమ్మల్ని మన తుని శాఖకు నియమిస్తున్నాం. ఇక్కడినుంచే రోజూ బండి మీద వెళ్ళిరావచ్చు.”

నీలాద్రిరావు లేచాడు. “అయ్యా, ఒక సందేహం. నా బండి ఛార్జింగు తుని వెళ్ళడానికి బొటాబొటిగా సరిపోతుంది. మరి రావడం?”

ఉదయభాస్కర్ గారు హిమబిందు వైపు చూశారు. ఆమె లేచి మర్యాదగా వివరించింది. “తిరుగు ప్రయాణం వ్యక్తిగతమండీ. పథకం పేరు 'విధులకు హరిత ప్రయాణం'. ఇంటికి ప్రయాణం గురించి అందులో ప్రస్తావన లేదు.”

“మధ్యాహ్నం భోజనానికి?”

“తునిలోనా?” అని నవ్వారు ఉదయభాస్కర్ గారు. “క్యారేజీ కట్టుకోండి. సూపరింటెండెంటు స్థాయి అధికారి మధ్యాహ్నం పూట ఇంటికి వెళ్ళడం ఆశ్చర్యంగా ఉంటుంది.”

నీలాద్రిరావు హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన తల చల్లబడింది. అందులోకి ఒక ఆలోచన, నడకలో వచ్చినంత తేలిగ్గా వచ్చింది. తనకు లేని పెట్రోలును కాల్చి, లేని దూరాన్ని తిరిగి, చివరికి దేన్ని ఆదా చేశాడు? రోజుకొక్క పూట నిజంగా ఉన్నదాన్ని కాల్చేశాడు. అది ఆ కంచాల దగ్గరి కాలం. దానికి పూర్వ వినియోగం నిండుగా ఉంది. దాన్ని పోగొట్టుకుంటే వచ్చే లేమి రెండో రకం కాదు, మొదటి రకం; పగిలిన కుండ.

ఆయన మళ్ళీ లేచాడు. “పదోన్నతి వద్దన్నవాడి సంగతేమిటమ్మా?”

ఎవరికీ ప్రశ్న అర్థం కాలేదు. హిమబిందు ఉత్తర్వు తిరగేసింది. చివరి పేజీ చివర ఆగింది. “పదోన్నతిని వదులుకున్న ఉద్యోగులకు ఈ పథకం వర్తించదు,” అని చదివి, తలెత్తి, “ఇది వాక్యం నిండుగా ఉంటుందని రాసింది సార్. అలాంటివాళ్ళు ఉంటారని కాదు,” అంది.

“గురువుగారూ, కూర్చోండి!” అని జోగారావు చొక్కా లాగాడు. “ఎన్నేళ్ళు ఎదురుచూశారు! మతిపోయిందా?”

“ఇప్పుడే వచ్చింది,” అన్నాడు నీలాద్రిరావు.

సమావేశపు కార్యక్రమం అచ్చువేసిన కాగితం వెనక్కి తిప్పి, నిలబడే నాలుగు పంక్తులు రాశాడు. తన పదోన్నతిని స్వచ్ఛందంగా, శాశ్వతంగా వదులుకుంటున్నాననీ, తర్వాతి అర్హుడికి ఇవ్వవలసిందనీ, ఇందులో ఎవరి బలవంతమూ లేదనీ. సంతకం చేసి వేదిక దగ్గరికి వెళ్ళి ఉదయభాస్కర్ గారి చేతికి ఇచ్చాడు.

“తర్వాతి అర్హుడంటే...” అన్నారు సంచాలకులు, అద్దం దించుకోబోతూ ఆగి.

హాల్లో అందరి హెల్మెట్లూ జోగారావు వైపు తిరిగాయి. జోగారావు ముఖం తెల్లబోయింది. “తునికా?” అన్నాడు.

“ఆలోచించుకోండి నీలాద్రిరావు గారూ,” అన్నారు ఉదయభాస్కర్ గారు. “ఇలా వదులుకోవడం అపూర్వం. సంస్థ చరిత్రలో దీనికి పూర్వ ఉదాహరణ లేదు.”

“ఇక ముందువాళ్ళకు ఉంటుంది కదండీ,” అన్నాడాయన. “భోజనం వేళయింది. సెలవు.”

బండి తాళం జేబులోనే ఉంది. షెడ్డు వైపు చూడలేదు. మెట్లు దిగి, వరండాలో ఇంకా కూర్చునే ఉన్న పిఠాపురం రైతుతో, “రెండింటికల్లా వస్తాను, మీ కాగితం చేసి ఇస్తాను,” అని చెప్పి, వీధిలోకి దిగి నడిచాడు. ఆలోచన ఏదీ మొదలుపెట్టలేదు. దూరం సరిగ్గా సరిపోయింది.

మాణిక్యాంబ అప్పుడే బడినుంచి వచ్చి తాళం తీస్తోంది. గేటు చప్పుడుకు వెనక్కి తిరిగి చూసి, ఆశ్చర్యపోయింది.

“ఇంత పెందలాడే ఎలా వచ్చారు? బండేదీ?”

“నడిచొచ్చాను,” అన్నాడు నీలాద్రిరావు, చెప్పులు విడుస్తూ. “ఇంతకీ ఆ రోజు బడిలో ఏమైంది?”